ప్రేయర్ బెల్లు కొట్టాక: బడిలో మతం గురించి టీచర్లతో నాలుగు మాటలు

(రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

రాజ్యాంగ పీఠిక ఇందాకే అందరం కలిసి చదివాం. నేను మళ్లీ దాని జోలికి పోను. మీరంతా రోజూ పొద్దున్నే ప్రేయర్‌లో పిల్లల ముందు నిలబడేవాళ్లు. అందుకే బడికి నేరుగా సంబంధించిన 28వ అధికరణ గురించే మాట్లాడతాను.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే ఏ విద్యాసంస్థలోనూ మతబోధ ఉండకూడదని అది చెబుతోంది. మండల పరిషత్ బడి, జిల్లా పరిషత్ హైస్కూలు దీని కిందికే వస్తాయి. "తల్లిదండ్రులు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదా సార్" అని చాలామంది టీచర్లు నాతో అంటుంటారు. సర్కారు బడిలో మతబోధకు ఊరంతా ఒప్పుకున్నా కుదరదు. సమ్మతి ప్రస్తావన వచ్చేది మూడో క్లాజులో. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలోనైనా, ప్రభుత్వ సాయం అందుకునే ఎయిడెడ్ బడిలోనైనా పిల్లల్ని మతబోధకో ప్రార్థనకో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. మతబోధ ఉండాలన్న షరతుతో ధర్మనిధి, ట్రస్టు కింద పెట్టి ప్రభుత్వం నడిపే సంస్థలకు మొదటి క్లాజులోని నిషేధం నుంచి ఒక మినహాయింపు ఉంది కానీ అది మన ఊరి బడికి వర్తించదు.

రాజ్యాంగ సభలో 1948 డిసెంబరులో దీని మీద గట్టి చర్చే జరిగింది. అంబేద్కర్ అక్కడ చెప్పిన కారణాల్లో ఒకటి పన్నులది. అన్ని మతాలవాళ్లూ కట్టిన సొమ్ముతో ఒక మతాన్ని బోధించడం న్యాయం కాదన్నారు. మరి వేదాలూ స్మృతులూ చెప్పే సంస్కృత పాఠశాలల సంగతేమిటని సభ్యుడు లక్ష్మీకాంత మైత్ర అడిగితే, మతబోధ వేరు, మత గ్రంథాల అధ్యయనం వేరు అని విడదీసి చెప్పారు. పాఠ్య ప్రణాళికలో మతాల గురించిన చదువు చేర్చడం మీద వేసిన అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదువుకోవడం 28వ అధికరణకు విరుద్ధం కాదంది.

కాబట్టి భయపడి పాఠాలు వదిలేయకండి. తెలుగు క్లాసులో గజేంద్ర మోక్షం పద్యం రాగయుక్తంగా పాడండి, ఆ కథ చెప్పండి, పోతన భక్తి ఎంత గాఢమో వివరించండి. సోషల్ క్లాసులో క్రీస్తు, ప్రవక్త, బుద్ధుడు, గురునానక్ జీవితాలు చెప్పండి. పద్యం అయ్యాక "అందరూ కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టండి" అన్నామంటే మాత్రం అది పాఠం దాటి పూజ అయిపోయింది.

పదో తరగతి పరీక్షల ముందు హాల్ టికెట్లు, పెన్నులు దేవుడి పటం దగ్గర పెట్టించడం చాలా చోట్ల చూస్తున్నాం. టెన్షన్ తగ్గాలనే పెడతారు, ఆ ప్రేమను నేను శంకించను. కానీ ఆ వరసలో ఒక ముస్లిం అమ్మాయి ఉంటుంది, క్రైస్తవ పిల్లవాడు ఉంటాడు, ఏ దేవుణ్ణీ నమ్మని ఇంటి నుంచి వచ్చినవాడూ ఉండొచ్చు. సార్‌కి కోపం వస్తుందేమో, మార్కులు తగ్గుతాయేమో అని వాళ్లూ చేతులు జోడిస్తారు. దాన్ని ఇష్టం అని ఎలా అంటాం? ఎయిడెడ్ బడుల్లో బైబిలు క్లాసుకు అందరినీ కూర్చోబెట్టినప్పుడు హిందూ పిల్లల పరిస్థితీ ఇదే. ఒకదాన్ని తప్పుపట్టి రెండోదాన్ని సమర్థించేవాళ్లతో నాకు పేచీ ఉంది.

కేరళ పిల్లల కేసు గుర్తు చేస్తాను. కొట్టాయం జిల్లాలో ముగ్గురు తోబుట్టువులు యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందినవాళ్లు. జాతీయ గీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు, కానీ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. 1985 జులైలో వాళ్లను బడి నుంచి పంపేశారు. హైకోర్టులోనూ ఓడిపోయారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దని ఆయన రాశారు. బడిలో ముగ్గురంటే ముగ్గురు పిల్లల కోసం దేశ అత్యున్నత న్యాయస్థానం ఇంత మాట అన్నదంటే, టీచర్‌గా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతీ చూడండి. అక్కడి సుప్రీంకోర్టు 1962లో న్యూయార్క్ బడుల్లో చదివించే చిన్న ప్రార్థనను కొట్టేసింది. ఇష్టం లేని పిల్లలు చదవక్కర్లేదన్న వెసులుబాటు ఉన్నా కొట్టేసింది. ఇప్పుడు 2024లో లూసియానా, 2025లో టెక్సస్ ప్రభుత్వ బడుల తరగతి గదుల్లో బైబిలులోని పది ఆజ్ఞల పటం వేలాడదీయాలని చట్టాలు చేశాయి. వాటి మీద కోర్టుల్లో కేసులు పడ్డాయి. డాలస్‌లో ఉన్న మనవడి క్లాసులో ఆ పటం ఉంటే మనకు ఇబ్బందిగా ఉండదా? ఆ ఇబ్బంది ఇక్కడ పక్కింటివాళ్లకూ ఉంటుంది కదా!

కేంద్రీయ విద్యాలయాల్లో సంస్కృత ప్రార్థన మీద వేసిన కేసును సుప్రీంకోర్టు 2019లో పెద్ద ధర్మాసనానికి పంపింది. ప్రార్థనలో ఏది మతం, ఏది మంచిమాట అన్నది వాళ్లు తేల్చాల్సిన చిక్కు ప్రశ్నే. కానీ హాల్ టికెట్ల పూజ ఆపడానికి ఆ తీర్పు దాకా ఆగక్కర్లేదు. మన ప్రేయర్‌లో చదివే ప్రతిజ్ఞ ఉండనే ఉంది. నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో తెలుగులో రాశారు. అందులో ఏ దేవుడి పేరూ లేదు, ఏ పిల్లకూ గొంతు తడబడదు.

హెడ్మాస్టర్లకు నా విన్నపం ఒకటి. పూజ పెట్టించమని ఊరి పెద్దలు అడిగితే, స్కూల్ కమిటీ మీటింగ్‌లో 28వ అధికరణ తెలుగులో చదివి వినిపించండి, మినిట్స్‌లో రాయించండి. ఎయిడెడ్ బడుల వాళ్లయితే వచ్చే అడ్మిషన్ల నాటికి దరఖాస్తులోనే సమ్మతి అడిగే గడి పెట్టండి. ఆ పని ముందు మీరే చేయండి. ఎవరో ఒక తండ్రి ఒంటరిగా మీ ఆఫీసు గది ముందు నిలబడి అడగాల్సిన పరిస్థితి రానివ్వకండి.