రేస్ అయిపోయింది, ఇప్పుడు నెక్స్ట్ గోల్ ఏంటి? నా హాఫ్ మారథాన్ స్ప్లిట్స్‌తో షీట్ చేసి చూద్దాం

హాయ్ అండీ, నమస్తే. స్క్రీన్ కనిపిస్తోంది కదా, ఇది నా లాస్ట్ హాఫ్ మారథాన్. ఇదిగో ఇక్కడ, 2 గంటల 14 నిమిషాలు. నేను పెట్టుకున్న గోల్ 2 గంటలు. అంటే 14 నిమిషాలు తేడా, కొంచెం కాదు. ఫినిష్ లైన్ దాటాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయా, నాలుగు నెలలు పొద్దున్నే లేచి పరిగెత్తింది దీనికోసమా అనిపించింది. మీలో కూడా చాలామందికి ఇదే జరిగుంటుంది, అందుకే ఈ వీడియో. రేస్ తర్వాత నెక్స్ట్ గోల్ ఎలా పెట్టుకోవాలి, ఏదో నంబర్ బాగుంది కదా అని కాకుండా, మన సొంత స్ప్లిట్స్, అంటే రేస్‌లో ఒక్కో ముక్కకి పట్టిన టైమ్స్, చూసి ఎలా పెట్టుకోవాలి, అది చేసి చూపిస్తా.

ముందు ఒక్క మాట. రేస్ రోజు సాయంత్రం నెక్స్ట్ రేస్‌కి రిజిస్టర్ చేసెయ్యకండి. నేను ఫోన్ చేతిలో పట్టుకుని, ఆరు వారాల్లో ఇంకోటి ఉంది, మళ్ళీ అదే 2 గంటలు కొట్టేద్దాం అని పేమెంట్ పేజీ దాకా వెళ్ళా, అక్కడ ఆగా. ఆ రోజు చెయ్యాల్సింది ఒకటే, గుర్తున్నదంతా రాసుకోవడం. ఎక్కడ కష్టమైంది, ఎక్కడ బాగుంది, నీళ్ళు ఎక్కడ తాగారు, ఎండ ఎప్పుడు ఎక్కింది, అన్నీ. టైప్ చేసే ఓపిక లేకపోతే వాయిస్ నోట్ పెట్టుకోండి. రాసుకోవడం అదే రోజు, తేల్చుకోవడం మాత్రం రెండు వారాలయ్యాక. ఈలోపు కాళ్ళు కోలుకోవాలి, మనసు కూడా కోలుకోవాలి.

సరే, షీట్ ఓపెన్ చేద్దాం. గూగుల్ షీట్స్ వాడుతున్నా, ఎక్సెల్ అయినా ఇంచుమించు ఇంతే. కొత్త షీట్, ఏ కాలమ్‌లో దూరం, బి కాలమ్‌లో టైమ్, సి కాలమ్‌లో పేస్, అంటే కిలోమీటర్‌కి ఎన్ని నిమిషాలు పట్టిందో. హెడింగ్స్ కొట్టేశా. దూరం 5, 5, 5, 5, లాస్ట్‌లో 1.0975. మొత్తం 21.0975, హాఫ్ మారథాన్ అంటే అదే కదా.

మీ టైమ్స్ అన్నీ రన్నింగ్ యాప్‌లో ల్యాప్స్ ట్యాబ్‌లో ఉంటాయి, చూసి కొట్టుకోవచ్చు. మీది కిలోమీటర్‌కో ల్యాప్ అయితే ఐదేసి కలుపుకోండి. ఇక్కడ ఒక చిన్న విషయం. నేను రేస్‌లో ఆటో ల్యాప్, అంటే వాచ్ దానంతట అదే ల్యాప్ నోట్ చెయ్యడం, ఆఫ్ చేసేస్తా, కిలోమీటర్ బోర్డు కనబడగానే చేత్తో ల్యాప్ బటన్ నొక్కుతా. ఎందుకంటే ఇదిగో, నా వాచ్‌లో మొత్తం దూరం 21.38 చూపిస్తోంది. కోర్సు, అంటే రేస్ దారి, తప్పు కాదండీ. సర్టిఫైడ్ కోర్సుని ఎలా కొలుస్తారంటే, సైకిల్ చక్రానికి జోన్స్ కౌంటర్ అని ఒక పరికరం పెట్టి, మలుపుల్లో అతి దగ్గర దారిలో తొక్కుకుంటూ కొలుస్తారు, పైగా కోర్సు ఎట్టి పరిస్థితిలోనూ తక్కువ రాకూడదని వెయ్యికి ఒక వంతు అదనంగా కలుపుతారు. మనమేమో జనాన్ని తప్పించుకుంటూ ఆ పక్కకీ ఈ పక్కకీ పరిగెడతాం, జీపీఎస్ కూడా కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. అందుకే వాచ్‌లో ఎక్కువ వస్తుంది. దీనివల్ల ఏమవుతుందో చూడండి, 2 గంటలకి కావాల్సిన పేస్ 5:41. నేను వాచ్‌లో 5:41 చివరిదాకా కరెక్ట్‌గా పట్టుకున్నా సరే, 21.38 పరిగెత్తేసరికి 2 గంటల ఒకటిన్నర నిమిషం అయిపోతుంది. అంటే గోల్ స్టార్ట్ లైన్ దగ్గరే పోయినట్టు. బోర్డు చూసి నొక్కితే ఈ బాధ లేదు.

ఇప్పుడు టైమ్స్ కొట్టాలి. ఇక్కడ నెమ్మదిగా చూడండి, ప్లీజ్ స్కిప్ చెయ్యొద్దు, నాకు ఒక సాయంత్రం మొత్తం పోయింది ఇక్కడే.

మొదటి 5 కిలోమీటర్లు నాకు 27 నిమిషాల 50 సెకన్లు. మామూలుగా మనం ఏం కొడతాం, 27, కోలన్, 50. ఎంటర్. చూడటానికి బాగానే ఉంది కదా? కానీ సెల్ మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్‌లో చూడండి... 27:50:00. చూశారా? షీట్ దాన్ని 27 గంటల 50 నిమిషాలు అనుకుంది. రెండు భాగాలే ఇస్తే దానికి అవి గంటలు, నిమిషాలు. నిమిషాలు, సెకన్లు కావు. తమాషా ఏంటంటే అన్నీ ఇలాగే కొడితే తప్పు దొరకదు, ఎందుకంటే పేస్ 5:34 అనే కనబడుతుంది, అది నిజానికి 5 గంటల 34 నిమిషాలు, కానీ కంటికి కరెక్ట్‌గా అనిపిస్తుంది. నా దగ్గర ఎప్పుడు బయటపడిందంటే, ఫినిష్ టైమ్ 2:14:00 అని కరెక్ట్‌గా కొట్టా, తర్వాత ఇంకో లెక్కలోంచి (ఇంకాసేపట్లో చూపిస్తా) దాన్ని తీసేస్తే తేడా 119 గంటలు అని వచ్చింది. ఫార్ములా తప్పేమో అని ఫార్ములానే మళ్ళీ మళ్ళీ మార్చా, ఫార్ములా తప్పు కాదు, కొట్టిన టైమే తప్పు.

కాబట్టి ఎప్పుడూ ముందు సున్నా పెట్టండి. 0, కోలన్, 27, కోలన్, 50. మళ్ళీ చెప్తున్నా, సున్నా, కోలన్, నిమిషాలు, కోలన్, సెకన్లు. మూడు భాగాలు ఉండాలి. తర్వాత బి, సి రెండు కాలమ్స్ సెలెక్ట్ చేసి, ఫార్మాట్, నంబర్, డ్యూరేషన్. ఇది చెయ్యకపోతే పేస్ గడిలో 0.0039 లాంటిది కనబడొచ్చు, కంగారు పడకండి, షీట్ లోపల ఒక రోజుని 1 అనుకుని లెక్క వేస్తుంది, 5 నిమిషాల 34 సెకన్లు అంటే రోజులో అంత ముక్క అన్నమాట. ఫార్మాట్ మారిస్తే సరిపోతుంది.

మిగతావి చకచకా కొట్టేస్తా. 0:28:20. 0:31:40. 0:37:30. లాస్ట్‌ది 0:08:40. కింద సమ్, 2:14:00, రిజల్ట్‌తో సరిపోయింది. ఇలా సరిపోయిందో లేదో తప్పకుండా చూసుకోండి. పేస్ గడిలో ఈక్వల్స్, బి2, స్లాష్, ఏ2, ఎంటర్. కిందకి సెలెక్ట్ చేసి కంట్రోల్ డి, అంతా నిండిపోతుంది. నాకు మౌస్‌తో లాగడం కంటే కంట్రోల్ డి ఇష్టం, ఎన్ని వరసలు ఉన్నా ఒక్క దెబ్బకి అయిపోతుంది.

చూడండి ఇప్పుడు. 5:34, 5:40, 6:20, 7:30, ఆఖరి ముక్క 7:54.

ఒక్క నిమిషం దీన్నే చూద్దాం. 2 గంటల 14 అనే నంబర్ చూస్తే నాకు తెలిసింది ఒకటే, ఫెయిల్ అయ్యా అని. ఈ ఐదు నంబర్లు చూస్తే వేరే విషయం కనబడుతోంది. 10 కిలోమీటర్ల దగ్గర నేను 56 నిమిషాల 10 సెకన్లు, గోల్ కంటే 40 సెకన్లు ముందే ఉన్నా. స్పీడ్ ఉంది. మొదటి 5తో పోలిస్తే నాలుగో 5లో 35 శాతం నెమ్మదించా. ఓపిక లేదు. 17వ బోర్డు దగ్గర షూ లేస్ వదులైందని వంగా, లేచేసరికి రెండు పిక్కలూ రాయిలా పట్టేశాయి, బోర్డు స్తంభం పట్టుకుని నిలబడ్డా, పక్కన ఒక పెద్దాయన నిదానంగా, అసలు ఆయాసం లేకుండా దాటుకుంటూ వెళ్ళిపోయారు. ఆ 7:30 వెనకాల ఉన్నది అదీ.

ఇప్పుడు రెండో లెక్క. దీనికి మీది ఈమధ్య చేసిన 10కె, అంటే 10 కిలోమీటర్ల, టైమ్ ఒకటి కావాలి, సీరియస్‌గా పరిగెత్తింది. నాది 55 నిమిషాలు. పీటర్ రీగల్ అని ఒక అమెరికన్ ఇంజనీర్ 1977లో ఒక ఫార్ములా రాశారు, ఇప్పటికీ రేస్ ప్రెడిక్టర్లలో చాలా వాటికి ఆధారం అదే. కొత్త టైమ్ ఈక్వల్స్ పాత టైమ్ ఇంటూ, దూరాల నిష్పత్తి పవర్ 1.06. అంటే దూరం రెట్టింపు అయితే పేస్ 4 శాతం పైచిలుకు తగ్గుతుంది, అంతే సంగతి.

ఈ2లో 10, ఈ3లో 0:55:00, సున్నా మర్చిపోలేదు, ఈ4లో 21.0975. ఈ5లో ఈక్వల్స్, ఈ3, స్టార్, బ్రాకెట్, ఈ4 స్లాష్ ఈ2, బ్రాకెట్ క్లోజ్, టోపీ గుర్తు, అదే షిఫ్ట్ పట్టుకుని 6, తర్వాత 1.06. ఎంటర్. డ్యూరేషన్ ఫార్మాట్. 2:01:21.

అంటే నా 10కె స్పీడ్‌కి 2 గంటల 1 నిమిషం రావాలి. నాకొచ్చింది 2:14. తీసేస్తే 12 నిమిషాల 39 సెకన్లు. చాలామంది ఇది చూసి ఫార్ములా అబద్ధం అంటారు. కాదండీ. ఆ ఫార్ములా ఆ దూరానికి తగ్గ ట్రైనింగ్ చేసినవాళ్ళ లెక్క. ఈ 12:39 నేను చెయ్యని ట్రైనింగ్, నాకు మొత్తం షీట్‌లో అన్నిటికంటే పనికొచ్చిన గడి ఇదే. మీకు ఈ తేడా రెండు మూడు నిమిషాలే వస్తే మీ సమస్య ఓపిక కాదు, స్పీడ్ పెంచుకోవాలి, మీ గోల్ వేరే రకంగా ఉంటుంది. రేస్ రోజు బాగా ఎండ ఉన్నా, ఎత్తుపల్లాలు ఎక్కువున్నా తేడా పెరుగుతుంది, అందుకే రాసుకున్న నోట్స్ పక్కన పెట్టుకుని చూడండి.

మరి ఏం చెయ్యలేదు నేను? రెండో ట్యాబ్, ట్రైనింగ్ లాగ్. యాప్‌లోంచి కాపీ చేసి కంట్రోల్ షిఫ్ట్ వి తో పేస్ట్ చెయ్యండి, ఉత్త వి కొడితే రంగులూ ఫాంట్లూ అన్నీ వచ్చి పడతాయి. చివరి 12 వారాలు. సగటు వారానికి 26 కిలోమీటర్లు. లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు, ఎక్కువలో ఎక్కువ 15 కిలోమీటర్లు, అదీ రెండే సార్లు. ఇప్పుడు మొదటి ట్యాబ్ చూడండి, నేను ఎక్కడ పడిపోయా? 15 తర్వాత. కాళ్ళు ఎంతవరకు అలవాటు పడ్డాయో అంతవరకు మోశాయి పాపం.

ఇంకోటి, ఈజీ రన్స్ పేస్. 5:55, 6:00, 5:50... ఇవి ఈజీ రన్స్ అట. 10కె పేస్ 5:30 ఉన్నవాళ్ళకి 5:55 ఈజీ ఎలా అవుతుంది? రోజూ మధ్యస్థంగా కష్టపడుతున్నా అన్నమాట, దానివల్ల దూరం పెంచడానికి కాళ్ళల్లో ఏమీ మిగల్లేదు. స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు పెద్ద పెద్ద ఎండ్యూరెన్స్ అథ్లెట్ల ట్రైనింగ్ గమనిస్తే సుమారు 80 శాతం సెషన్లు తేలిక తీవ్రతలోనే ఉన్నాయి. వాళ్ళే అంత నెమ్మదిగా చేస్తుంటే మనకెందుకు తొందర. హార్ట్ రేట్ జోన్లు పెట్టుకునేవాళ్ళు పెట్టుకోండి, కానీ గరిష్ఠ హార్ట్ రేట్ కోసం 220 లోంచి వయసు తీసేసే లెక్క మనిషికీ మనిషికీ 10 బీట్లు, అంతకంటే ఎక్కువ కూడా తేడా రావచ్చు. నాకు మాటల టెస్ట్ చాలు, పరిగెడుతూ పూర్తి వాక్యం ఆపకుండా మాట్లాడగలిగితే ఈజీ, మధ్యలో ఊపిరి కోసం ఆగితే కాదు.

సరే, గోల్ రాద్దాం. మూడో ట్యాబ్. ఇక్కడ నేను మొదటి గడిలో టైమ్ రాయట్లేదు, చూడండి. మొదటి గడి: 16 వారాలు, వారానికి 26 నుంచి మెల్లగా 38 కిలోమీటర్లకి, ప్రతి నాలుగో వారం తగ్గించి. రెండో గడి: రేస్‌కి మూడు వారాల ముందు కల్లా 18 పైన లాంగ్ రన్స్ మూడు, ఒకటి 20. మూడోది: ఈజీ రన్స్ 6:45 నుంచి 7:00, వాచ్‌లో ఎంత చిరాకుగా కనబడినా సరే. ఈ మూడూ నా చేతిలో ఉన్నవి. ఎండ నా చేతిలో లేదు, రేస్ రోజు నిద్ర పట్టడం కూడా నా చేతిలో లేదు.

టైమ్ నాలుగో గడిలో. 12:39లో సగం పైచిలుకు వెనక్కి తెచ్చుకుంటా అనుకుంటున్నా, ఒక్క ట్రైనింగ్ సైకిల్‌లో మొత్తం రాదు. అంటే 2:07, పేస్ 6:01. ఐదో గడి, నాకు ఇదే కష్టం: మొదటి 5 కిలోమీటర్లు 30 నిమిషాల 25 సెకన్ల లోపు రాకూడదు. 6:05 పేస్. కాళ్ళు ఫ్రెష్‌గా ఉంటాయి, జనం దాటుకుంటూ వెళ్ళిపోతుంటారు, అప్పుడు ఆగడం చాలా కష్టం, అందుకే ఈ నంబర్‌ని చేతి మీద పెన్నుతో రాసుకుంటా.

2 గంటలు వదిలెయ్యలేదండీ. నాకు అది కావాలి, నిజంగా కావాలి. కింద ఆరో గడిలో పెట్టా, దాని తర్వాత రేస్ అని.

లాస్ట్‌గా, సి కాలమ్‌కి రంగులు. ఫార్మాట్, కండిషనల్ ఫార్మాటింగ్, కలర్ స్కేల్, తక్కువకి ఆకుపచ్చ, ఎక్కువకి ఎరుపు, డన్. ఎక్కడ దెబ్బతిన్నామో ఒక్క చూపులో తెలుస్తుంది. షీట్ లింక్ కింద పెట్టా, ఫైల్‌లోకి వెళ్ళి మేక్ ఎ కాపీ కొట్టి మీ కాపీలో మార్చుకోండి, ఎడిట్ యాక్సెస్ అడగక్కర్లేదు. బి కాలమ్‌లో నా టైమ్స్ తీసేసి మీవి కొట్టండి, ముందు సున్నా పెట్టి. మీకు ఆ తేడా ఎంత వచ్చిందో, లాంగ్ రన్ ఎంత వరకు చేశారో రెండూ కామెంట్లో రాయండి, చదివి ఒక్కొక్కరికీ రిప్లై ఇస్తా. రేపు పొద్దున నాది 7 కిలోమీటర్ల ఈజీ రన్, 6:50 పేస్, అలారం ఇప్పుడే పెట్టేసుకుంటున్నా. ఉంటానండీ.