ఎమన్సా, షో-బడ్డా: పాత పెడల్ స్టీల్ కొనేముందు బోర్లా తిప్పి చూడండి

అందరికీ నమస్కారం.

1970ల నాటి రెండు పెడల్ స్టీల్ గిటార్లు ఇంచుమించు ఒకే ధరకు దొరుకుతున్నాయనుకుందాం. ఒకటి ఎమన్స్ కంపెనీ పుష్-పుల్ రకం, ఇంకొకటి షో-బడ్ కంపెనీ ప్రొఫెషనల్ మోడల్. ఏది తీసుకోవాలి అని అడిగితే ఎక్కువమంది నాదం గురించే మాట్లాడతారు. ఎమన్స్‌ది తళుకు, షో-బడ్‌ది మెత్తదనం అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే యాభై ఏళ్ల వాద్యం విషయంలో నాదం రెండో మాట. అడుగున ఉన్న యంత్రం ఏ స్థితిలో ఉంది, అది పాడైతే బాగుచేసేవాళ్లెవరు అన్నది మొదటి మాట.

గోటువాద్యమో, పాత సినిమా పాటల్లోని హవాయి గిటారో విన్నవారికి కడ్డీతో తీగ మీద జారడం తెలిసిందే. కడ్డీ అన్ని తీగలనూ ఒకేసారి పైకో కిందికో తీసుకెళ్తుంది. కాళ్ల మీద బల్లలా నిలబెట్టి, ముందు కూర్చుని వాయించే పెడల్ స్టీల్‌లో దీనికి తోడు, పాదం కింది పెడళ్లూ మోకాలితో నెట్టే లీవర్లూ ఒకటి రెండు తీగల శ్రుతిని మాత్రమే మారుస్తాయి, మిగిలినవి కదలవు. ఒక స్వరం నిలిచి ఉండగా పక్క స్వరం పాకుతూ వచ్చి దానితో కలవడం అక్కడినుంచి వచ్చిందే.

రాసుకునేవారు ఇది రాసుకోండి. ఇ-నైన్ అనే మామూలు పది తీగల శ్రుతిలో మనకు దూరంగా ఉన్న మొదటి తీగనుంచి పదో తీగదాకా వరుసగా ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. ఎ పెడల్ 5, 10 తీగలను బి నుంచి సి షార్ప్‌కు ఎత్తుతుంది. బి పెడల్ 3, 6 తీగలను జి షార్ప్ నుంచి ఎ స్వరానికి. సి పెడల్ 4వ తీగను ఎఫ్ షార్ప్‌కు, 5వ తీగను సి షార్ప్‌కు. మోకాలి లీవర్లలో ఒకటి 4, 8 తీగలను ఎఫ్‌కు ఎత్తుతుంది, ఇంకొకటి అవే తీగలను డి షార్ప్‌కు దించుతుంది. పరీక్షలన్నీ ఈ తీగల మీదే చేస్తాం.

ఈ రెండు కంపెనీల వెనకా ఉన్నది ఒకే మనిషి. షాట్ జాక్సన్, బడ్డీ ఎమన్స్ కలిసి 1950ల రెండో సగంలో నాష్‌విల్ ప్రాంతంలో షో-బడ్ మొదలుపెట్టారు, ఇద్దరి పేర్లూ కలిపి పెట్టిన పేరది. 1960ల మొదట్లో ఎమన్స్ బయటికి వచ్చి, రాన్ లాష్లీతో కలిసి నార్త్ కరొలైనాలోని బర్లింగ్టన్‌లో సొంత పేరుతో గిటార్లు తయారు చేయించాడు. కాబట్టి ఫలానాది అసలు, ఫలానాది నకలు అనే వాదనలో పసలేదు. లాయిడ్ గ్రీన్ లాంటి స్టూడియో వాద్యకారుడు షో-బడ్ మీద వాయించాడు, ఆయన పేరుతో ఎల్‌డీజీ అనే మోడల్ కూడా వచ్చింది. ఎమన్స్ తన పుష్-పుల్ మీద వాయించాడు. వాళ్లిద్దరూ ఏ గిటార్ మీదైనా వాళ్లలాగే వినిపించేవారు.

ఇప్పుడు యంత్రం సంగతి. పెడల్ తొక్కితే పెడల్ రాడ్ కిందికి లాగుతుంది, దాంతో అడుగున అడ్డంగా ఉన్న ఇరుసు కొంచెం తిరుగుతుంది. ఇరుసుకు బిగించిన బెల్ క్రాంక్ అనే చిన్న మీట పుల్ రాడ్‌ను కదిలిస్తుంది. పుల్ రాడ్ కుడి చివరనున్న ఛేంజర్ అనే భాగంలోని ఫింగర్‌ను, అంటే తీగ చివరను పట్టి ఉంచే లోహపు ముక్కను కదిపి తీగ బిగువు మారుస్తుంది. ఇక్కడిదాకా రెండూ ఒకటే. షో-బడ్ ప్రొఫెషనల్‌లో ఎత్తాలన్నా దించాలన్నా రాడ్ లాగుతుంది. స్ప్రింగు ఫింగర్‌ను తిరిగి మొదటి చోటికి తెస్తుంది. ఎమన్స్ పుష్-పుల్‌లో ఎత్తడానికి రాడ్ లాగుతుంది, దించడానికి నెడుతుంది. ఏమీ తొక్కనప్పుడు దాని ఫింగర్ గట్టి ఆనికకు ఆనుకుని ఉంటుంది. తీగ కంపనం నేరుగా గిటార్ ఒంట్లోకి దిగుతుందని, స్వరం ఎక్కువసేపు నిలుస్తుందని వాద్యకారులు చెప్పేది ఇందుకే.

ఈ గట్టిదనానికి మూల్యం సర్దుబాటులో చెల్లించాలి. షో-బడ్‌లో ముందు అన్ని తీగలనూ కీల (తీగ బిగించే మరల) దగ్గర శ్రుతి చేసి, తర్వాత ఒక్కో పెడల్ తొక్కి పట్టుకుని ఛేంజర్ వైపున్న చివరి పలక దగ్గరి ఆరుముఖాల నైలాన్ నట్‌ను తిప్పితే పని అయిపోతుంది. పుష్-పుల్‌లో దించే మార్పు ఉన్న తీగకు కీ ఒక్కటే చాలదు. చివరి పలకలోని స్క్రూతో కలిపి, ఒక వరుసలో చేసుకుపోవాలి. వరుస తప్పితే మళ్లీ మొదటినుంచి. ఒకే తీగను రెండు పెడళ్లు ఎత్తుతుంటే (5వ తీగకు ఎ, సి పెడళ్లు రెండూ ఉన్నాయి కదా) అడుగున రాడ్ మీది కాలర్‌ను (స్క్రూతో బిగించే కడియాన్ని) జరిపి సరిచేయాలి, రాడ్లకు తగినంత వదులు కూడా ఉంచాలి. వదులు తక్కువైతే తీగ తన చోటికి పూర్తిగా తిరిగి రాదు. ఎక్కువైతే పెడల్ సగం దిగాక గానీ స్వరం కదలదు. పుష్-పుల్ పెడళ్లు బండగా ఉంటాయన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ సర్దుబాటు లోపమే, గిటార్ తప్పు కాదు. అమ్మేవారిని మీ ఎదుటే ఒక తీగను మొదటినుంచి చివరిదాకా శ్రుతి చేసి చూపించమనండి. చేతకాకపోతే ఆ గిటార్ ఎన్నేళ్లుగా సరిగ్గా శ్రుతిలో లేదో మీకే అర్థమవుతుంది.

చూడడానికి వెళ్లేటప్పుడు శ్రుతి తేడాను సెంట్లలో (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) చూపించే, కేబుల్ గుచ్చే ట్యూనర్ ఒకటి, టార్చి ఒకటి, మల్టీమీటర్ ఒకటి పట్టుకెళ్లండి. క్లిప్ ట్యూనర్ ఈ పనికి చాలదు. వీలైతే కొత్త తీగలు వేయించండి. వాటిని లాగి స్థిరపరిచాకే కొలవండి.

మొదటి పరీక్ష గిటార్ ఒళ్లు ఎంత వంగుతుందన్నది. 8వ తీగ ఇ మోగించి ట్యూనర్‌లో చూడండి. అది మోగుతుండగానే ఎ, బి పెడళ్లు రెండూ తొక్కండి. ఆ తీగతో ఆ పెడళ్లకు సంబంధం లేదు, అయినా సూచిక కొంచెం కిందికి దిగుతుంది. ఎందుకంటే 5వ తీగకు 0.017 అంగుళాల తీగ, మోగే పొడవు 24 అంగుళాలు అనుకుంటే, బి స్వరం దగ్గర దాని బిగువు సుమారు 10.6 కిలోలు. సి షార్ప్‌కు ఎత్తితే 13.4 కిలోలవుతుంది. అలాంటివి నాలుగు తీగలు ఒకేసారి లాగుతుంటే చెక్క ఒకింత వంగుతుంది, మిగిలిన తీగలు సడలుతాయి. ఐదు సెంట్లలోపు దిగితే పట్టించుకోనక్కర్లేదు. పది దాటితే ఎంత శ్రుతి చేసినా పెడళ్లు తొక్కిన మేళనం, తొక్కని మేళనం ఒకదానికొకటి పొసగవు. పైగా ఇది సర్దుబాటుతో పోయే రోగం కాదు. ఈ ఒక్క అంకె మీద రెండు గిటార్లలో ఒకదాన్ని కొట్టిపారేయొచ్చు.

రెండోది తిరిగి రావడం. 4వ తీగను లీవరుతో ఎఫ్‌కు ఎత్తి వదిలి కొలవండి. తర్వాత డి షార్ప్‌కు దించి వదిలి మళ్లీ కొలవండి. రెండు అంకెల మధ్య తేడా రెండు మూడు సెంట్లయితే మామూలే. అంతకు మించితే ఛేంజర్‌లో జిగట పట్టిందనో, స్ప్రింగు సడలిందనో, రాడ్‌కు వదులు చాలలేదనో అనుకోవాలి. 8వ తీగకూ, దించే లీవర్ ఉంటే 6వ తీగకూ ఇదే చేయండి. జిగటకు కారణం ఎప్పుడో ఎవరో కొట్టిన స్ప్రే నూనె ఎండి గట్టిపడటం. నాఫ్తాతో కడిగి, ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక్కో ఫింగర్‌కు ఒక్క చుక్క వేస్తే చాలాసార్లు పోతుంది. నాఫ్తా మంటంటుకునే సరుకు, తలుపులు తీసి ఉంచి చేయండి, వార్నిష్ మీద పడకుండా గుడ్డ కప్పండి.

మూడోది ఫింగర్ల పైభాగం. టార్చి వేసి 3వ తీగ కూర్చునే చోట గాడి పడిందేమో చూడండి. ఆ తీగ మందం 0.011 అంగుళాలే, మందంతో పోల్చి చూస్తే మొత్తం గిటార్‌లో ఎక్కువ ఒత్తిడి దానిమీదే. జి షార్ప్ దగ్గర సుమారు 12.6 కిలోలు, బి పెడల్ తొక్కితే 14 దాటుతుంది. గాడి అంచు మీద వంగి నిటారవుతూ ఉంటే ఆ తీగ అక్కడే తెగుతుంది, అదీ వాయిస్తుండగానే. పైపై గీత అయితే 1000 నంబరు కాగితంతో రుద్ది మెరుగు పెడితే సరి. లోతైన గాడి అయితే ఇరుసు తీసి ఫింగర్లు బయటికి లాగాల్సిందే. షో-బడ్‌లోనైతే ఓపిక ఉన్నవారు సొంతంగా చేసుకోగలరు. పుష్-పుల్‌లో మాత్రం తెలిసినవారి చేతికివ్వండి, తిరిగి అమర్చాక సర్దుబాటు అంతా మళ్లీ చేయాలి.

ఇక బోర్లా తిప్పాలి. పెడల్ స్టీల్‌ను కేసులో బోర్లాయే పెట్టి కాళ్లు విప్పుతారు కనక అమ్మేవారు అభ్యంతరం చెప్పరు. షో-బడ్‌లో రాడ్లను లాగడానికి మొదటి ప్రొఫెషనల్స్‌కు ర్యాక్-బారెల్ ఏర్పాటు, తర్వాతివాటికి రెండు రంధ్రాల పుల్లర్లు ఉంటాయి. పోత లోహంతో చేసిన లీవర్ బ్రాకెట్లలో, పుల్లర్లలో వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయేమో వేలితో తడిమి, టార్చితో చూడండి. ఇలాంటి పగులు అతకదు, భాగం మార్చాల్సిందే. కొత్త భాగాలు అమెరికాలో చిన్న యంత్రశాలల వాళ్లు చేస్తున్నారు, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనడం న్యాయమే. ఎమన్స్‌లో కాలర్ల స్క్రూల తలలు అరిగి గుండ్రమయ్యాయేమో చూడండి. అరిగితే ఎవరో తెలియనివారు పదే పదే కెలికారన్నమాట. రెండింటిలోనూ లీవర్‌ను చేత్తో పక్కకు ఊపి చూడండి, ఇరుసు బుషింగులు అరిగితే టకటకమంటుంది. పికప్‌ను జాక్ దగ్గర మల్టీమీటర్‌తో కొలిస్తే 15 నుంచి 20 కిలో ఓమ్‌లు రావడం మామూలు. ఏమీ చూపించకపోతే తీగచుట్ట తెగి ఉండొచ్చు, అలాగైతే మళ్లీ చుట్టించాలి.

ఒక్క హెచ్చరిక. షో-బడ్ పేరు, పేకముక్కల బొమ్మలున్న ఫ్రెట్ పలక చూసి మావెరిక్ అనే మోడల్‌కు ఎక్కువ పెట్టకండి. అది నేర్చుకునేవారికోసం చేసింది, మూడు పెడళ్లూ సాధారణంగా ఒక్క మోకాలి లీవరూ. 4, 8 తీగలకు ఎత్తేదీ దించేదీ రెండూ లేకపోతే ఇవాళ్టి పాఠాల్లో సగం వాయించలేరు. తర్వాత లీవర్లు చేర్చుకోవచ్చులే అని అమ్మేవారు అంటారు, ఆ పని గిటార్ ధరను మించిపోగలదు.

ఎవరికి ఏది? మూడు పెడళ్లు, నాలుగైదు లీవర్లు, మామూలు అమరిక, ఇక మార్చే ఉద్దేశం లేదు అనేవారు పుష్-పుల్ తీసుకోండి. ఒకసారి తెలిసినవారు సర్దితే ఏళ్ల తరబడి కదలదు. ఇవాళ ఈ తీగకు, రేపు ఆ తీగకు కొత్త మార్పు పెట్టి చూడాలనే స్వభావం ఉన్నవారికి పుష్-పుల్ నరకం, షో-బడ్ నయం. ఒకే గిటార్ ముందు ఇద్దరు మనుషులు విడివిడిగా కూర్చున్నా వేర్వేరుగా వినిపించే వాద్యం ఇది, అందుకని నాదం మీద ఓటు ఆఖరున వేయండి. రెండింటినీ ఒకే ఆంప్లిఫయర్‌కు, ఒకే వాల్యూమ్ పెడల్‌కు కలిపి, 12వ ఫ్రెట్ దగ్గర 3, 4, 5 తీగలు కలిపి మోగించి ఎంతసేపు నిలుస్తుందో వినండి, అంతే.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొని హైదరాబాద్‌కో విశాఖకో తేవాలనుకునేవారికి నా సలహా వేరు. పుష్-పుల్ సర్దేవారు అమెరికాలోనే తక్కువ. నైలాన్ నట్లతో సొంతంగా శ్రుతి చేసుకోగల గిటార్ తెచ్చుకోండి. ఈ రెండింటిలో అది షో-బడ్. పాతదే కావాలన్న పట్టుదల లేకపోతే ములెన్, ఎంఎస్ఏ లాంటి కంపెనీల లాగే-యంత్రపు గిటార్లు ఇంకా మేలు. రెండు మెడలది (రెండు వరుసల తీగలున్నది) కేసుతో కలిపి 30 కిలోలు దాటడం మామూలే, విమానంలో ఒక సంచికి సాధారణంగా 23 కిలోలే పడుతుంది, కాబట్టి ఒంటి మెడది చూడండి. కాళ్లు, పెడల్ పలక వేరే పెట్టెలో పెట్టండి. పెడల్ రాడ్లు విప్పేముందు ఒక్కోదానికి నంబరు అంటించండి, వాటి పొడవులు వేరువేరు. మూడో తీగలు డజను తెచ్చుకోండి. అమెరికా ఆంప్లిఫయర్ 120 వోల్టులది, 230 నుంచి దించే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆంప్లిఫయర్ వెనక రాసి ఉన్న వాట్లకు రెండింతల సామర్థ్యంతో తీసుకోండి. ఎర్తు పిన్ను మాత్రం విరగ్గొట్టొద్దు, హమ్ వస్తుందని కొందరు చేసే పని అది, ఇనుప కడ్డీ చేతిలో ఉండగా చాలా ప్రమాదం.