చేప తలలోని రాయి

శ్రోతలకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చాక ఏటా నాకు కొన్ని ఫోన్లు వస్తాయి. "మేడమ్, మా అమ్మాయి సముద్ర జీవశాస్త్రం చదువుతానంటోంది. ఈత రావాలా? సముద్రంలో మునగాలా?" అని అడుగుతారు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంటుంది. ఈత వస్తే మంచిదే. కానీ డిగ్రీలో ఈ చదువు చాలావరకు నీళ్ళలో సాగదు, బల్ల మీద సాగుతుంది. ఒక చేప, ఒక స్కేలు, ఒక నోటుబుక్కు. అంతే. ఆ బల్ల మీద ఏం జరుగుతుందో ఈ కాసేపట్లో చెబుతాను.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆదివారం గొరక చేపల పులుసు. తలకాయ ముక్క ఎప్పుడూ మా నాన్నకే. తింటూ తింటూ ఆయన నోట్లోంచి ఒక తెల్లటి రాయి తీసి పళ్ళెం అంచున పెట్టేవారు. చింతగింజలో సగం ఉండేది. "ఇసకలో తిరిగే చేప కదా, రాయి మింగుంటుంది" అనేది అమ్మ. మేమూ అదే నమ్మాం.

డిగ్రీ రెండో సంవత్సరంలో, జువాలజీ ప్రాక్టికల్స్ నాడు, మా లెక్చరర్ గారు అదే రాయిని నా అరచేతిలో పెట్టారు. "ఇది చేప చెవిలోది" అన్నారు. నాన్న పళ్ళెం అంచున ఇన్నేళ్ళూ చూసిన రాయి! ఆ రోజు నుంచి ఈ చదువును నేను వదల్లేదు.

చేపకు బయటికి కనిపించే చెవులు లేవు. చెవి తల లోపల, మెదడుకు రెండు పక్కలా ఉంటుంది. ఒక్కో పక్క మూడు రాళ్ళు, మొత్తం ఆరు. చేప వినడానికీ, నీటిలో ఒరిగిపోకుండా ఉండడానికీ అవే ఆధారం. శాస్త్రంలో వీటిని ఓటోలిత్ అంటారు, మనం చెవిరాయి అనుకుందాం. గొరక జాతి చేపల్లో ఒక జత బాగా పెద్దది, అందుకే పంటికి తగులుతుంది. గవ్వలోనూ గుడ్డు పెంకులోనూ ఉండే కాల్షియం కార్బొనేటే దీనిలోనూ ఉంటుంది.

ఈ రాయి చేపతో పాటు పెరుగుతుంది. పొర మీద పొర పడుతూ పోతుంది. చేప బతికినన్నాళ్ళూ పడిన పొర పడినట్టే ఉంటుంది, కరగదు. 1899లో రైబిష్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్లేస్ అనే బల్లపరుపు చేప చెవిరాళ్ళలో ఏటికో వలయం ఉందని గమనించాడు. 1971లో పనెల్లా అనే ఆయన ఇంకా దగ్గరగా చూసి, రోజుకో సన్నని పొర కూడా ఉందని చూపించాడు. రోజుకొకటి! చేప తన డైరీ తానే రాసుకుంటోందన్నమాట. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం అనే లోహం ఎక్కువ, నది నీటిలో తక్కువ. ఆ తేడా కూడా రాయిలో మిగులుతుంది. మన పులస ఎప్పుడు ఉప్పునీటిలో ఉందో, ఎప్పుడు మంచినీటిలోకి ఎక్కిందో రాయిని అడిగి తెలుసుకోవచ్చు.

అయితే మన దగ్గర ఒక చిక్కుంది. చలిదేశాల్లో శీతాకాలం రాగానే చేప ఎదుగుదల మందగిస్తుంది, వలయం స్పష్టంగా పడుతుంది. మన బంగాళాఖాతంలో అంత తేడా లేదు, వలయాలు మసకగా ఉంటాయి. రాయిని తడి గరుకు కాగితం మీద అరగదీసి, మైక్రోస్కోపు కింద పెడితే మూడు గీతలు కనిపించాయనుకోండి. ఆ చేపకు మూడేళ్ళా? లేక ఏడాదిన్నరేనా?

దీనికి డిగ్రీ విద్యార్థి కూడా చేయగలిగిన పద్ధతి ఒకటుంది. ఒకే రకం చేపను ప్రతి నెలా కొని, రాయి అంచును చూడాలి. కొత్త గీత ఏ నెలలో అంచు మీదికి వస్తోందో రాసుకోవాలి. 12 నెలల్లో ఒక్కసారే వస్తే గీతకు ఏడాది. రెండుసార్లు వస్తే గీతకు ఆరు నెలలు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. తేదీ కావాలి. రాయి ఎంత బాగున్నా తేదీ లేకపోతే అది ఉత్త రాయే.

మా విద్యార్థుల్ని తెల్లవారుజామున విశాఖ చేపల రేవుకి తీసుకెళ్ళేదాన్ని. చేపలమ్మే ఒకావిడ మొదట్లో వింతగా చూసేది. "ఏటమ్మా, తలకాయలేటి చేసుకుంటారు?" అనేది. నాలుగో నెలకి తనే తలలు విడిగా తీసి ఉంచడం మొదలుపెట్టింది. ఏ లోతులో వల వేశారో, ఏ పడవదో కూడా చెప్పేది. ఆవిడ చెప్పినవి మా నోటుబుక్కుల్లో సగం పేజీలు నింపాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం కదా. ఆ రెండు నెలలూ తెప్పల వాళ్ళు తెచ్చిన చేపలే మాకు దిక్కు. లేకపోతే లెక్కలో రెండు నెలలు ఖాళీ.

చేప వయసు తెలిస్తే ఏమొస్తుంది అంటారేమో. ఆరెంజ్ రఫీ అని లోతు సముద్రపు చేప ఒకటుంది. 1980లలో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దగ్గర దాన్ని విపరీతంగా పట్టారు. చాలా చేపల్లాగే త్వరగా ఎదుగుతుందనుకున్నారు. తరవాత చెవిరాళ్ళు కోసి లెక్కపెడితే వందేళ్ళు దాటిన చేపలు బయటపడ్డాయి! గుడ్లు పెట్టే వయసు రావడానికే దశాబ్దాలు పడుతుంది. ఆలోగా నిల్వలు పడిపోయాయి, కొన్ని చోట్ల వేటే ఆపేశారు. వయసు తప్పు లెక్కేస్తే వేట కూడా తప్పుతుంది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక ఎక్కడ చదవాలన్నది. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళు జువాలజీతో బీఎస్సీ చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, తమిళనాడు పరంగిపేటలో ఉన్న అన్నామలై విశ్వవిద్యాలయ కేంద్రంలోనో ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీకి వెళ్ళొచ్చు. చేపల పెంపకం మీద ఇష్టముంటే నెల్లూరు జిల్లా ముత్తుకూరు కళాశాలలో నాలుగేళ్ళ బీఎఫ్‌ఎస్సీ, అంటే మత్స్యశాస్త్ర డిగ్రీ ఉంది. ఏది చదివినా స్టాటిస్టిక్స్‌ను పక్కన పెట్టకండి. చాలామంది పిల్లలు అక్కడే వెనకబడడం నేను చూశాను.

కాలేజీ తెరిచేదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం ఇంట్లో గొరక చేప తెస్తే తల పారేయొద్దు. ఉడికాక నెమ్మదిగా విప్పండి, మెదడు కింద రెండు పెద్ద రాళ్ళు దొరుకుతాయి. నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, చిన్న కాగితం కవరులో వేయండి. కవరు మీద తేదీ రాయండి. ఏ రేవు నుంచి వచ్చిందో రాయండి. వండకముందే చేప పొడవు, మూతి కొన నుంచి తోక చివరి దాకా, కొలిచి రాయండి. చేప పేరు రాయండి. పేరు తెలియకపోతే, అమ్మినావిడ ఏ పేరు చెప్పిందో అదే రాయండి.

సెలవు.