పెదవులు కలపకుండా చెప్పిన కథ
(విశాఖపట్నంలో అనువాద దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా పలకరించాలని ఉంది కానీ నాకిచ్చింది ఐదు నిమిషాలే.

ఎ.ఎన్.డి. హక్సర్ గారి గురించి చెప్పమన్నారు. 1933లో గ్వాలియర్‌లో పుట్టారు. విదేశాంగ సర్వీసులో చేరి కెన్యాలో హైకమిషనర్‌గా, పోర్చుగల్, యుగోస్లావియాల్లో రాయబారిగా పనిచేశారు. అంత ఉద్యోగం చేసిన మనిషి సంస్కృతం పట్టుకున్నారు. హితోపదేశం, సింహాసన ద్వాత్రింశిక, శుకసప్తతి, రఘువంశం, ఇలా ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి తెచ్చారు. 1995లో వచ్చింది దశకుమారచరితం, దండి అనే సంస్కృత రచయిత చెప్పిన పదిమంది కుమారుల కథ. నేనిక్కడే ఆగిపోతాను, క్షమించాలి.

అందులో ఏడో ఉచ్ఛ్వాసం, అంటే ఏడో అధ్యాయం, ఆ పదిమందిలో ఒకడైన మంత్రగుప్తుడిది. ప్రియురాలు కొరికిన పెదవి నొప్పి. అందుకని తన కథంతా ప, ఫ, బ, భ, మ లేకుండా చెబుతాడు. మీరూ ఒక్కసారి పెదవులు కలపకుండా ‘నాన్న’ అనండి. వచ్చింది కదా? ‘అమ్మ’ అనండి. రాదు. ‘విశాఖపట్నం’ అనండి. సగంలో ఆగిపోయాం. దండి ఆ ఉచ్ఛ్వాసమంతా అలాగే నడిపాడండీ!

జరిగేదెక్కడ? కళింగంలో. రాజు కుటుంబాన్నీ ఊరివాళ్లనీ వెంటేసుకుని సముద్రపు ఒడ్డున విడిది చేసి పాటలు వింటుంటే, ఆంధ్రరాజు జయసింహుడు పడవల మీద సైన్యంతో వచ్చి పట్టుకుపోతాడు. బీచ్ రోడ్డులో కూర్చున్నప్పుడల్లా నాకు ఆ పడవలే గుర్తొస్తాయి.

ఈ కథ మా మనవరాలు హక్సర్ గారి ఇంగ్లీషులో చదివి నాకు చెప్పింది. నేను చెప్పాల్సింది! 13వ శతాబ్దంలోనే కేతన దీన్ని తెలుగు పద్యాల్లో రాసి తిక్కనకు అంకితమిచ్చాడు. ఆ పుస్తకం మా అలమారలోనే ఉంది. తీసిస్తే మొదటి పద్యం మీద వేలు పెట్టి కూడబలుక్కుని, ‘తాతయ్యా, ఇది ఏ భాష?’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తేలిక వచనంలో చేసిస్తానంటే ఒక ప్రచురణకర్త ‘ఇంగ్లీషులో ఉందిగా, తెలుగులో ఎవరు కొంటారండీ’ అన్నారు. ఇంగ్లీషులో ఉండటం మన అదృష్టం. తేలిక తెలుగులో రాయకపోవటానికి అది కారణం ఎలా అవుతుంది?

ఈ హాల్లో రిటైరైనవాళ్లమే ఎక్కువ. పోర్టు, రైల్వే, స్టీలు ప్లాంటు వాళ్లున్నారు. తలా ఒక కథ తీసుకోండి. కేతన ఉన్నాడు, సింహాసన ద్వాత్రింశికను తెలుగు పద్యాల్లో రాసిన కొరవి గోపరాజు ఉన్నాడు. అర్థం కాని పద్యం దగ్గర నాకు ఫోన్ చేయండి, ఏ వేళయినా సరే.

నేను మంత్రగుప్తుడి కథ మొదలుపెట్టాను, ఆ ఐదు అక్షరాలూ లేకుండానే. ఎనిమిది వాక్యాలు కుదిరాయి. తొమ్మిదో దాంట్లో ‘సముద్రం’ రావాలి, కానీ రాయకూడదు. రెండు రోజులు తిరిగి తిరిగి, నిన్న సాయంత్రం ‘కడలి’ అని రాశాను.