నోట్లో ఎరతోనే శిలలైన చేపలు

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఈ రాతిపలకను కాసేపు చూడండి. పెద్ద చేప పేరు డిప్లోమిస్టస్. దాని నోట్లోంచి తోక బయటికి కనిపిస్తున్న చిన్నది నైటియా, నేటి హెర్రింగ్ చేపలకు చుట్టం. అమెరికాలోని వయోమింగ్‌లో సుమారు 5.2 కోట్ల ఏళ్ళ కిందట ఒక సరస్సు ఉండేది. ఫాసిల్ లేక్ అంటారు దాన్ని. ఆ సరస్సు పొరల్లో ఇలా నోట్లో ఎరతో చనిపోయిన చేపలు ఒకటి కాదు, చాలానే దొరికాయి. ఎవరు ఎవరిని తిన్నారో తేలిపోయినట్టే అనిపిస్తుంది.

కానీ ఈ డిప్లోమిస్టస్ భోజనం చేయలేదు. ఎర గొంతుకు అడ్డంపడి చచ్చిపోయింది. తలవైపు నుంచి మింగినప్పుడు ఎర వాజాలు, పొలుసులు వెనక్కి ఒదిగిపోయి సాఫీగా లోపలికి జారుతుంది. ఎర మరీ పెద్దదైతే పూర్తిగా దిగదు, అవే వాజాలు అడ్డుపడి వెనక్కీ రాదు. అంటే రాయిలో మిగిలింది అంచనా తప్పిన వేట. చక్కగా అరిగిపోయిన లెక్కలేనన్ని భోజనాలకు ఇలాంటి ఆనవాలు మిగలదు. అందుకే ఈ ఒక్క దృశ్యాన్ని చూసి ఆ సరస్సు ఆహారపు అలవాట్లన్నీ తెలిసిపోయాయనుకోవడం నాకు నచ్చదు.

మిగతా సాక్ష్యాలు కూడా చూడాలి. డిప్లోమిస్టస్ నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి అది ఎక్కువగా నీటి పైభాగంలో వేటాడి ఉంటుంది. నైటియాలు ఒకే పొరలో వందలకొద్దీ దొరుకుతాయి, గుంపులుగా తిరిగేవి మరి.

అరుదుగా కడుపులోని తిండి కూడా దక్కుతుంది. జర్మనీలోని లెబాక్ దగ్గర దొరికిన ట్రయోడస్ అనే మంచినీటి సొరచేప డైనోసార్లకంటే ముందటి పెర్మియన్ కాలానిది. దాని కడుపులో రెండు ఉభయచరాలు, వాటిలో ఒకదాని కడుపులో అకాంథోడస్ అనే చిన్న చేప! మూడు మెట్ల ఆహార గొలుసు ఒకే రాయిలో దొరికింది. 2008లో ఈ సంగతి ప్రచురితమైనప్పటి నుంచీ నాకు దాని మీద మమకారం తగ్గలేదు.

మన ప్రాణహిత-గోదావరి లోయలోనూ జురాసిక్ కాలపు రాతి పొరలున్నాయి, వాటిని ‘కోట’ పొరలు అంటారు. మందపాటి పొలుసుల లెపిడోటెస్ తరహా చేపలు, కండగల వాజాలుండే సీలకాంత్ అనే ప్రాచీన చేపల కోవకు చెందిన ఇండోసీలకాంథస్ అక్కడివే. ఇక్కడున్న జియాలజీ విద్యార్థులకు ఒక విన్నపం: ఫీల్డ్‌కు వెళ్ళినప్పుడు అందమైన చేప ఒక్కదాన్నే చెక్కి తీసుకురాకండి. అదే పొరలో పక్కనున్న పొలుసులు, పళ్ళు, గవ్వలు, రాయిగా మారిన మలం, అన్నీ రాసుకోండి, ఫొటోలు తీయండి. ఆ చేప ఎవరితో కలిసి బతికిందో, ఏం తిన్నదో చెప్పగలిగేవి అవే.