పాత లారీకి ఏ ఇంజిన్?

శ్రోతలకు నమస్కారం.

మా ఇంటి దగ్గర 1964 మోడల్ లారీ ఒకటి ఉంది. టాటా మెర్సిడెస్ బెంజ్. ఇప్పటి పిల్లలకు బెంజ్ అంటే కారు. మా నాన్నగారి రోజుల్లో బెంజ్ అంటే లారీయే. టాటా వాళ్లు జర్మనీలోని డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని 1954లో జంషెడ్‌పూర్‌లో ఈ బళ్లు మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిశాక ముందు జాలీ మీది నక్షత్రం పోయి ‘టి’ అక్షరం వచ్చింది. మాది నక్షత్రం బండి. కిరాయిలు మానేసి చాలా ఏళ్లయింది, ఊళ్లో దేవుడి ఊరేగింపుకి తీస్తాం, అంతే.

నిరుడు అది మొరాయించింది. ముందు నీలం పొగ వచ్చింది. తర్వాత ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి బుస కొట్టింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులూ, పిస్టన్ ఆడే గొట్టాలు, అంటే బోర్లూ అరిగి, మండిన గ్యాసు కిందికి దిగుతోందన్నమాట. ఇంతవరకైతే బెంగ లేదు. బోరింగ్ చేయించి, పిస్టన్లు తిప్పే ఇరుసుకి, అంటే క్రాంకుకి, గ్రైండింగ్ పట్టించి, కొత్త పిస్టన్లు వేస్తే మళ్లీ లేచి కూర్చుంటుంది. కానీ ఒకరోజు పొద్దున ఆయిల్ పుల్ల తీసి చూస్తే, ఆయిల్ పాలెక్కువైన టీలా ఉంది! నీళ్లు కలుస్తున్నాయి. ఇంజిన్ పైమూత కింద ఉండే హెడ్డు గ్యాస్కెట్ పోయి ఉంటే బాగుండునని దండం పెట్టుకున్నాను. కాదు, ఇంజిన్‌కి ఒళ్లయిన బ్లాకే చీలింది.

విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన మేస్త్రి గారు చూసి, పోత ఇనుముకి అతుకు వేయొచ్చు గానీ మాటివ్వలేనన్నారు. ఇంజిన్ మార్చాల్సిందే.

మరి ఏ ఇంజిన్? టాటా ఇంజిన్ల పేర్లలోనే లెక్క ఉంది. 692 అంటే 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు. 697 అంటే 6 సిలిండర్లు, 97 బోరు. మా బండిలో ఉన్నది జర్మన్ డిజైన్, ఓఎం 312. దాని బోరు 90, స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం, 120. 692కీ స్ట్రోకు 120యే, అంటే దీనికి సొంత తమ్ముడు. 697 అలా కాదు. స్ట్రోకు 128, సైజు 4,580 సీసీ నుంచి ఏకంగా 5,675కి పోతుంది.

మా మేనల్లుడు పట్టుబట్టాడు: “697 వేయించు మామయ్యా, ఏనుగులా లాగుద్ది.”

మేస్త్రి గారు తల కూడా ఎత్తలేదు. “లాగుద్ది బాబూ. ఆపేదెవరు?”

నిజమే కదా. బ్రేకులు పాతవి, గేర్‌బాక్సు పాతది, వెనక యాక్సిల్ పాతది. బలం ఒక్క ఇంజిన్‌కే పెంచితే మిగతావన్నీ ఒక్కొక్కటే చేతులెత్తేస్తాయి. నాకూ తమ్ముడే నచ్చాడు.

పాత సామాన్ల వరసలో 692 ఒకటి దొరికింది. మేస్త్రి గారు డబ్బు తీయనివ్వలేదు. ముందు ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ విప్పించి క్రాంకు కొలిచారు. ఇప్పటికే ఎన్నిసార్లు గ్రైండింగ్ పట్టారో చూడాలట. గ్రైండింగ్ పట్టిన కొద్దీ సన్నబడి ఆఖరి సైజుకి వచ్చేసిన క్రాంకుకి మళ్లీ బేరింగులు దొరకవు. తర్వాత బ్లాకు మీద నంబరు సరిగ్గా కనబడుతోందా, అమ్మేవాడు బిల్లు ఇస్తాడా అని అడిగారు. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించకపోతే ఆ బండి రోడ్డెక్కినా దొంగబండే.

చైన్‌కప్పీతో పాతది దించడం ఒక పూట పని. కొత్తది ఎక్కించడం అలా కాదు. క్లచ్ ప్లేటు సరిగ్గా నడిమధ్యన కూర్చోకపోతే గేర్‌బాక్సు షాఫ్టు లోపలికి దూరదు. పాత షాఫ్టు ముక్క ఒకటి పెట్టి ప్లేటుని మధ్యకి తెచ్చాకే ప్రెషర్ ప్లేటు బిగించారు. రేడియేటర్ కడిగించాం. డీజిల్ గొట్టాల్లో గాలి తీశాం.

స్టార్ట్ చేసే ముందు మేస్త్రి గారు నా చేతిలో ఒక చెక్క పెట్టి, గాలి పీల్చే గొట్టం దగ్గర నిలబడమన్నారు. నాకు అర్థం కాలేదు. డీజిల్ ఇంజిన్‌కి కరెంటు మెరుపుతో పనిలేదు. డీజిల్ పంపు ఇరుక్కుపోయిందంటే తాళం తిప్పినా ఆగదు, వేగం అలా పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు గాలి మూసేస్తే వెంటనే ఆగుతుంది.

సెల్ఫు కొట్టారు. రెండుసార్లు దగ్గి అందుకుంది. నేను చెక్క పట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాను. మేస్త్రి గారు ఇంజిన్ వైపు చూడటం లేదు, ఆయిల్ ప్రెషర్ ముల్లునే చూస్తున్నారు. అది మెల్లగా లేచి నిలబడింది.

“ఇంక ఆ చెక్క అవతల పడేసి, అందరికీ టీ చెప్పు బాబూ,” అన్నారు.