తిరుపతి వచ్చినవాళ్లు ఇంకో పూట ఆగితే?

[దృశ్యం: అలిపిరి దగ్గర కొండెక్కుతున్న బస్సులు]

తిరుమలకి మామూలు రోజుల్లోనే 60 వేల మందికి పైగా వస్తారు. దర్శనం, లడ్డూ, తిరుగు ప్రయాణం. వాళ్లలో కొందరైనా ఇంకో పూట ఆగితే ఆ ఖర్చు చుట్టుపక్కల ఊళ్లకి చేరుతుంది. వారసత్వ పర్యాటకం గురించి మాట్లాడేటప్పుడు నేను ముందు చూసేది ఇదే: ఆ వారసత్వాన్ని నిలబెడుతున్న మనిషికి పూట గడుస్తోందా, లేదా?

[దృశ్యం: చంద్రగిరి రాజమహల్]

తిరుపతికి 15 కిలోమీటర్ల లోపే చంద్రగిరి కోట. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకి, ఆ తర్వాత ఇక్కడికి రాజధాని మార్చుకున్నారు. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన రాజమహల్‌లో ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. ఏర్పేడు వైపు వెళ్తే గుడిమల్లం. అక్కడి శివలింగం క్రీస్తుపూర్వం నాటిదని చాలామంది చరిత్రకారులు అంటారు. ఇవాళ్టికీ పూజలు జరుగుతున్నాయి. అంత పాత గుడి పక్కనే ఉన్నా మనవాళ్లలోనే ఎంతోమంది చూడలేదు. నాకు బాధగా ఉంటుంది.

[దృశ్యం: శ్రీకాళహస్తి, కలంకారీ వేస్తున్న చేతులు దగ్గరగా]

ఇక శ్రీకాళహస్తి. రాహుకేతు పూజకి వచ్చేవాళ్లకి కొదవ లేదు. కానీ గుడి బయటికి వచ్చాక కలంకారీ వేసే ఇంటి గడప తొక్కేవాళ్లు తక్కువ.

ఒక్కసారి ఆ పని చూడండి. నూలు గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు చెదరదు. చింత బరికెలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. చెక్కిన వెదురు పుల్లకి పైన గుడ్డ చుట్టి, దారం బిగిస్తే అదే కలం. చుట్టిన గుడ్డని వేళ్లతో నొక్కితే రంగు కిందికి దిగుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రవం కరక్కాయ తగిలిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత రంగులో ఉడికిస్తారు. మధ్యమధ్యలో పారే నీళ్లలో ఉతకాలి.

ఆ పారే నీళ్లు స్వర్ణముఖివి. రోడ్లు, హోటళ్లు వేసుకుంటూ పోయి ఏరుని ఎండబెడితే, పర్యాటకులకి చూపించడానికి కలంకారీయే మిగలదు. ఈ ఊరి అభివృద్ధి లెక్కలో ఏరు మొదటి పద్దుగా ఉండాలని గట్టిగా నమ్ముతాను.

[దృశ్యం: చేత్తో వేసిన గుడ్డ, ప్రింటు గుడ్డ పక్కపక్కన]

ఇంకో సమస్య, కలంకారీ పేరుతో అమ్మే స్క్రీన్ ప్రింట్లు. కొనేముందు ఒకే పువ్వు రెండు చోట్ల ఎలా ఉందో పోల్చండి. చేత్తో వేస్తే గీత మందం ఎక్కడో ఒకచోట మారుతుంది. ప్రింటులో అన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ధర ఎందుకంత అని అడగండి, ఎన్ని రోజుల పనో వేసినవాళ్లే చెప్తారు. వీలైతే వాళ్ల దగ్గరే కొనండి.